ఒంటి రాక్షసుల పుస్తకం

ఆ ప్రెస్సులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె భూతద్దం. మందు డబ్బాలో ఎనిమిది మడతలు పెట్టి దూర్చే పల్చటి కాగితం ఉంటుంది చూశారూ, ఎవరూ విప్పని కాగితం, విప్పినా మళ్ళీ ఆ మడతల్లోకి రాని కాగితం, దాన్ని అచ్చుకు వెళ్ళేముందు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్క అదే బల్ల, మెడ వంచే అదే దీపం, కుడిచేతిలో ఎర్ర పెన్ను, ఎడమచేతిలో ఇత్తడి పిడి ఉన్న అద్దం. కళ్ళల్లో వత్తులు వేసుకుని చదివేది. ఆవిడ చూపు పడితే కామా కూడా సర్దుకుని కూర్చుంటుందని మిషన్ల దగ్గరివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే లోపల సంబరపడేది, పైకి మాత్రం కళ్ళెత్తేది కాదు.

చిక్కేమిటంటే, ఆ అద్దాన్ని ఆమె ప్రెస్సులో వదిలి ఇంటికి వచ్చేది కాదు. నీళ్ళు రావని మెట్ల దగ్గర అంటించిన నోటీసులో కూడా పెన్ను తీసి ఒత్తు దిద్దేది. పక్కింటావిడ కొత్త పరదాలు కట్టుకుని చూడమంటే, కుడివైపుది అర అంగుళం దిగిందని చెప్పి వచ్చేది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారే, ఆమెకు ఆ గుడ్డు మీద ఈకలు నిజంగానే కనిపించేవి.

ఆ ఇంట్లో ఆమెతో పాటు ఉండేది తమ్ముడు. ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తల్లి త్వరగా పోవడంతో అతన్ని పెంచింది అక్కే. ఆమె పెళ్ళి మాటలు రెండుసార్లు మొదలై రెండుసార్లూ ఆగిపోయాయి. అతని పెళ్ళి సంగతి తర్వాత చెబుతాను. వారమంతా చీకటి గోతుల్లో ఇనుప తాళ్ళకు గ్రీజు రాసే ఆ మనిషి, ఆదివారం మధ్యాహ్నం కాగానే చేతులు మూడుసార్లు తోముకుని, ముందుగదిలో బల్ల తుడిచి, పాచికలు పరిచి, స్నేహితుల కోసం ఎదురుచూసేవాడు.

అది పాత్రలు కట్టి ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో వీరులు. ఎదురుగా రాక్షసుడు వస్తాడు. కొట్టాలా, పారిపోవాలా, మాట్లాడాలా అన్నది వీరుల ఇష్టం. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. కథ నడిపేది తమ్ముడు. వీరులు ముగ్గురు: ఒక బస్సు డ్రైవరు, ఒక కెమిస్ట్రీ టీచరమ్మ, పళ్ళ క్లినిక్కులో పనిచేసే ఒక అమ్మాయి.

ఇలాంటి ఆటలకు రాక్షసుల పుస్తకాలు బజారులో దొరుకుతాయి. వాటిలో రాక్షసులకు జాతులుంటాయి. ఫలానా జాతి గుహల్లో ఉంటుంది, గుంపుకు ఎనిమిది నుంచి పన్నెండు, పచ్చి మాంసం తింటుంది, వెలుతురంటే భయం, ఇన్ని దెబ్బలకు చస్తుంది. తమ్ముడు ఆ పుస్తకాలు కొనలేదు. అతనికి సొంత నోటుబుక్కులుండేవి. వాటిలో ప్రతి రాక్షసుడూ ఒక్కడే. ప్రతివాడికీ పేరుంది, ముందు ఒక బతుకుంది, ఇలా అవడానికి ఒక కారణముంది.

ఒకసారి అతని కథలో ఎండిన బావిలోంచి ఒక గొంతు పిలిచేది. తొంగిచూసిన వాళ్ళను లోపలికి లాగేసేది. ముగ్గురూ కలిసి నానా తంటాలు పడి దాన్ని చంపారు. చంపాక తమ్ముడు చెప్పాడు, అతనొక బావి తవ్వే మనిషి, మీద మట్టి కూలాక మూడు రోజులు పిలిచినా ఎవరూ పలకలేదు, ఒళ్ళు పోయి పిలుపు మిగిలింది అని. చెప్పి, ఆ పేజీ మీద స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత కొట్టాడు. మరుసటి వారం డ్రైవరు ఇంకో బావి దగ్గర ఆగి, ఇందులో ఇంకోటి ఉంటుందా అని అడిగాడు.

"ఉండదు," అన్నాడు తమ్ముడు. "అతనొక్కడే. మీరు చంపేశారుగా."

డ్రైవరు మూతి ముడుచుకుని ఒక ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం తనే వచ్చాడు. అప్పటినుంచి ఆ బల్ల దగ్గర ఒక అలవాటు పడింది. రాక్షసుడు ఎదురైతే కత్తి తీసేముందు ఎవరో ఒకరు 'ఇది ఎవరు?' అని అడిగేవారు.

వంటింట్లోంచి ఇదంతా వింటూ అక్క ఒకరోజు, జాతంటూ లేకుండా రాక్షసులేమిట్రా అని దెప్పింది.

"గుంపుగా ఉంటే అది జంతువక్కా. ఆకలేస్తే తింటుంది, దాని తప్పేముంది? రాక్షసుడంటే ఏదో జరిగి అలా అయిపోయినవాడు. ఒకరికి జరిగింది ఇంకొకరికి అచ్చం అలాగే జరగదు."

"రాక్షసుడికి బహువచనం ఉంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది," అంది అక్క. తమ్ముడు నవ్వేశాడు. అతనికి నవ్వడం సులువు.

ఇక అతని పెళ్ళి సంగతి. క్లినిక్ అమ్మాయీ అతనూ ఇష్టపడ్డారు. ఇద్దరిదీ నోట్లో నాలుక లేని తత్వం. అక్కతో ఎలా చెప్పాలో తెలియక నెలలు గడిపారు. చివరికి ఆ అమ్మాయే ధైర్యం చేసి అక్కకు ఉత్తరం రాసింది. రెండు పేజీలు. తను పెద్దగా చదువుకోలేదని, మనుషుల్ని నొప్పి లేకుండా చూసుకోవడం మాత్రం వచ్చని, మీ తమ్ముణ్ణి బాగా చూసుకుంటానని, మీరు సరేనంటేనే అని. తమ్ముడి చేతే ఆ కవరు పంపింది.

అక్క ఆ ఉత్తరాన్ని ప్రెస్సులో మధ్యాహ్నం విరామంలో చదివింది. మర్నాడు అదే కవరులో వెనక్కి ఇచ్చింది. లోపల అదే ఉత్తరం, పదకొండు తప్పులు ఎర్ర సిరాతో దిద్ది. అంతకుమించి ఒక్క మాట లేదు.

నిజానికి ఆమె వద్దని చెప్పలేదు. అవునని చెప్పడానికి ఒక వారం తీసుకుందామనుకుంది, అంతే. చేతిలో కాగితం ఉంది, చేతిలో పెన్నుంది, చెయ్యి దానంతటదే కదిలింది. తర్వాత చాలాకాలం తనకు తాను అలాగే చెప్పుకుంది. క్లినిక్ అమ్మాయి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తమ్ముడు అక్కను ఒక్క మాట అనలేదు. మూడు నెలలు అన్నం తిన్నావా, తలుపు వేశావా వరకే మాటలు. ఆ రోజుల్లో రెండు ఆదివారాలు లిఫ్టుల పని ఎక్కువగా ఉందని బయటికి వెళ్ళాడు. తర్వాత బల్ల దగ్గర తమ్ముడితో కలిపి ముగ్గురితోనే ఆట సాగింది. ఏడేళ్ళు అలాగే సాగింది.

ఏడో ఏడు అతనికి మోకాలు వాచి జ్వరం వచ్చింది. డాక్టరు మాత్రలు రాశాడు. అక్క డబ్బా చూడగానే గుర్తుపట్టింది. ఆ కాగితం ఆమె చదివిందే. నాలుగో రోజు ఛాతీ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. ఐదో రోజు నోరంతా పుండ్లు. ఆరో రోజుకి ఒళ్ళు కాలినట్టు బొబ్బలెక్కి చర్మం పొరలుగా లేచిపోవడం మొదలైంది. ఆసుపత్రిలో దుప్పటి కూడా తగలకుండా ఇనుప చట్రం మీద కప్పారు. పదకొండో రోజు మధ్యాహ్నం భోజనాల బండి వరండాలో వెళుతుండగా అతను పోయాడు.

ఆ మాత్ర పడనివాళ్ళు ఉంటారని, కానీ ఇది చాలా చాలా అరుదని డాక్టరు మెల్లగా వివరించబోయాడు.

"పదివేలమందిలో ఒకరి కంటే తక్కువ," అంది అక్క.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. అది ఆ మందు కాగితంలోని వాక్యం. ఆ వాక్యం దగ్గర ఆమె ఒకప్పుడు ఆగింది. ఒకరి కంటే తక్కువ మంది అంటే ఎవరు, వాక్యం సరిగా లేదు అని అంచులో రాసింది. అది కంపెనీవాళ్ళ మాట, కదపొద్దు అని పైనుంచి జవాబొచ్చింది. సరేనని సంతకం పెట్టింది.

నెల తిరక్కుండానే ఆమె మళ్ళీ ప్రెస్సులో బల్ల దగ్గర కూర్చుంది. ఆమెకింకేం చేతకాదు. ఇంట్లో తమ్ముడి నోటుబుక్కులు ఐదు, వాటిలో అరవై ఒక్క రాక్షసులు. అప్పుడొకరోజు డ్రైవరు వచ్చి, ఇలాంటి ఆటలు అచ్చువేసే కంపెనీ ఒకటుందని, వాళ్ళకి చూపిద్దామని అన్నాడు. తమ్ముడి పేరు ఒక పుస్తకం మీద ఉంటుందన్న మాట ఆమెను పట్టేసింది. నోటుబుక్కులు జిరాక్సు తీయించి పంపింది.

కంపెనీ సంపాదకురాలు చెడ్డ మనిషేమీ కాదు. మొత్తం చదివానని, రెండుచోట్ల కన్నీళ్ళొచ్చాయని ఫోనులో చెప్పింది. వేస్తామంది. కానీ వీళ్ళను జాతులుగా మార్చాలంది. అక్క ఒప్పుకోలేదు. తమ్ముడు చెప్పినదంతా అప్పజెప్పింది. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"మీరు చెప్పింది నాకు అర్థమవుతుందండీ. కానీ పుస్తకం వెయ్యి ఇళ్ళకి వెళుతుంది. బావిలో మనిషిని వెయ్యి బల్లల దగ్గర వెయ్యిసార్లు చంపుతారు. అచ్చయిన రోజే అతను ఒక్కడు కాడు. మనం ఒప్పుకోవడమే మిగిలింది."

అచ్చాఫీసులో బతికిన మనిషికి ఆ మాటకు ఎదురు దొరకలేదు. మార్చే పని మాత్రం తనే చేస్తానంది. తమ్ముడి చేతిరాత గొలుసుకట్టు, ఇంకెవరైనా అయితే తప్పులు దొర్లుతాయి.

చలికాలమంతా సాయంత్రాలు ఆ పనే. తమ్ముడు ప్రతి పేజీలోనూ 'అతడు', 'ఆమె' అని రాశాడు. ఆమె వాటిని కొట్టి 'ఇవి' చేసింది. 'ఏడుస్తాడు' అన్నది 'ఏడుస్తాయి' అయింది. పేరున్న చోట జాతి పేరు పెట్టింది. బతుకు కథ ఉన్న చోట నివాసం, సంఖ్య, ఆహారం, బలహీనత అని నాలుగు వరుసలు. బావి మనిషి 'బావి పిలుపులు' అయ్యాడు, పాడుబడ్డ బావుల్లో రెండు నుంచి ఐదు. మొదటి పదింటికి ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టింది. ఇరవై దాటాక చెయ్యి అలవాటు పడింది. నలభైకి వచ్చేసరికి తను చక్కగా చేస్తున్నానని కూడా అనిపించింది. ఎక్కడా ఒక్క ఏకవచనం జారిపోలేదు.

నలభై ఏడో రాక్షసుడి పేజీ తిప్పింది. మెట్ల కింద గదిలో ఉండే ఒక స్త్రీ. ఆమె దగ్గరికి జనం మొరపెట్టుకోవడానికి వస్తారు. ఆమె వింటుంది. విని, వచ్చిన మనిషిలో ఉన్న తప్పులు ఒక్కొక్కటిగా తుడుస్తుంది. గరుకు గొంతు, వంకర పన్ను, తడబడే మాట. తప్పులన్నీ పోయేసరికి మనిషి కూడా పోతాడు. ఆమె చేతిలో తెల్ల కాగితం మిగులుతుంది. వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారని ఆమె తనలో తను బాధపడుతుంది, ఎందుకంటే ఆమెకు వాళ్ళ మీద కోపం లేదు. పేరు దగ్గర ఏమీ రాయలేదు. ఎలా చస్తుంది అన్న చోట 'ఇంకా తెలియదు' అని ఉంది. పైన తేదీ ఉంది. ఏడేళ్ళ కిందటిది. ఆ మూడు నెలల్లోది.

ఆమె పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి అప్పటికే కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగింది.

ఆ పేజీ పంపకుండా ఆపేయవచ్చు. అరవై వేసినా ఎవరూ అడగరు. ఉన్నదున్నట్టు పంపి, దీన్ని మాత్రం మార్చొద్దని పట్టుబట్టవచ్చు. ఆమె రెండూ చెయ్యలేదు. మర్నాడు సాయంత్రం కూర్చుని 'ఆమె'ను కొట్టి 'ఇవి' చేసింది. చేస్తుంటే ఆమెకు చేతుల్లో ఒక తేలిక తెలిసింది. సంఖ్య ఒకటి నుంచి మూడు అని రాశాక ఆ మెట్ల కింద ఉన్నది తను కాదు. అలాంటివి లోకంలో ఉంటాయి, అంతే. బలహీనత ఖాళీగా ఉండకూడదని కంపెనీ నియమం. ఏం రాయాలో తోచక 'నిప్పు' అని రాసింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద తమ్ముడి పేరు చిన్నక్షరాల్లో ఉంది గాని ఉంది. ఆ ఆదివారం డ్రైవరూ టీచరమ్మా వచ్చారు. అతని పేరున ఒక్కసారి ఆడదామన్నారు. కథ నడపడం తనకు రాదని అక్క అంటే, పుస్తకం చూసి చదివితే చాలని టీచరమ్మ కూర్చోబెట్టింది. ఎక్కడో ఒకచోట మొదలుపెడదామని డ్రైవరే పేజీ తెరిచాడు. నలభై ఏడోది పడింది. అక్క గొంతు సవరించుకుని చదివింది. పాత మెట్లు, కింద చీకటి గది.

"ఇది ఎవరు?" అంది టీచరమ్మ అలవాటుగా.

పుస్తకంలో దానికి జవాబు లేదు. అక్క సంఖ్య ఉన్న వరుస చూసింది. "మూడున్నాయి," అంది.

డ్రైవరు దివిటీ వెలిగించానన్నాడు. పాచిక వేశాడు. ఒకటి కాలింది. ఇంకోసారి వేశాడు. రెండోది. మూడో దానికి టీచరమ్మ వేసింది. ఒకప్పుడు బావి దగ్గర ఆగి ఇంకోటి ఉంటుందా అని అడిగిన డ్రైవరుకి ఆ రోజు ఒకేసారి మూడు దొరికాయి. అతను పాచికను అరచేతిలో పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చున్నాడు.

"దీన్ని మేం ముందోసారి చూశామక్కా," అన్నాడు చివరికి. "ఇక్కడ కాదు. మా డిపోలో విశ్రాంతి గది ఉందిగా, అక్కడ. రెండు ఆదివారాలు అక్కడే ఆడాం. మీతో చెప్పొద్దన్నాడు మీ తమ్ముడు. క్లినిక్ అమ్మాయి కూడా వచ్చింది. అప్పుడు ఇది ఒకటే ఉంది."

తర్వాత ఏమైందని అడిగే ధైర్యం అక్కకు లేకపోయింది. మిగతాది ఆ అమ్మాయినే అడగండని చెప్పి వాళ్ళు లేచారు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

అక్క పదిహేను రోజులు ఆలోచించి, ఒక బుధవారం సెలవు పెట్టి క్లినిక్కుకు వెళ్ళింది. మెడికల్ షాపు మేడమీద ఇరుకైన హాలు, గోడకు దవడ బొమ్మ, లోపలినుంచి మరచప్పుడు. ఆ అమ్మాయి, ఇప్పుడు అమ్మాయేం కాదు, కణతల దగ్గర నెరిసింది, నీలం కోటుతో బయటికి వచ్చి ఆమెను చూసి ఒక క్షణం ఆగింది. చేతి తొడుగులు విప్పుతూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. అతను పోయిన సంగతి డ్రైవరు చెప్పాడంది. ఆసుపత్రికి వద్దామనుకున్నానని, మీరు ఉంటారని రాలేదని అంది. దాచకుండా, కోపం లేకుండా చెప్పింది.

డిపోలో ఏం జరిగిందని అక్క అడిగింది.

"నా కత్తి ఆవిడ మెడ మీద ఉందండీ. పాచిక వెయ్యడమే ఆలస్యం. ఆయన ఆపాడు. ఆలోచించుకో, ఈమె ఒక్కతే, ఈమె పోతే నాకు ఇంకొకరు లేరు అన్నాడు. కథలో అన్నాడో బయట అన్నాడో నాకు తెలియలేదు. నేను పాచిక కింద పెట్టేశాను." విప్పిన తొడుగుల్ని ఒళ్ళో మడుస్తూ, "అదే నేను ఆఖరిసారి ఆడింది," అంది.

అక్క తను సిద్ధం చేసుకొచ్చిన మాటలన్నీ మరిచిపోయింది. ఆ ఉత్తరం నేను అలా పంపి ఉండకూడదు, తప్పు నాది అని మాత్రం అనగలిగింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులని ఆమెకూ తెలుసు.

"పదకొండు దిద్దారు," అంది క్లినిక్ అమ్మాయి. "నేను నిఘంటువు కొనుక్కుని ఒక్కొక్కటీ చూసుకున్నాను. పదోది తప్పు కాదండీ. నేను రాసిందే సరైనది."

అది ఏ మాట అని అక్క అడగలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. లోపలినుంచి డాక్టరు పిలిచాడు. ఆమె లేచి కొత్త తొడుగులు వేసుకుని, క్షమించడానికి ఇప్పుడు ఏముందని మెల్లగా అని లోపలికి వెళ్ళింది.

రెండోసారి అచ్చువేసేటప్పుడు ఒక్క పేజీ మార్చమని అక్క సంపాదకురాలికి రాసింది. తప్పకుండా అని జవాబొచ్చింది. కానీ పుస్తకం రెండోసారి అచ్చుకు వెళ్ళలేదు. మొదటి కాపీలు అమ్ముడుపోవడానికే రెండేళ్ళు పట్టిందట. అవి ఎవరెవరి బల్లల మీద ఉన్నాయో, ఏ దివిటీలతో ఎన్నింటిని కాలుస్తున్నారో ఆమెకు తెలిసే దారి లేదు. డ్రైవరు ఒకటి రెండుసార్లు ఫోను చేసి కుశలం అడిగాడు. ఆదివారం మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆ రోజు క్లినిక్కులో మాత్రం ఆమె వెంటనే లేవలేకపోయింది. మోకాళ్ళ మీద సంచి పెట్టుకుని ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు దవడ పట్టుకుని వస్తున్నారు, లోపలికి వెళుతున్నారు. చివరికి పేర్లు రాసుకునే ఆవిడ తలెత్తి, మీకు ఏ పన్నండీ అని అడిగింది.

"పన్ను కాదండీ," అని చెప్పి ఆమె మెట్లు దిగింది.